ఫోన్ పౌచ్‌లో డి

పదకొండున్నర దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు ఒక కాగితం వల్ల నిద్ర రావడం లేదు.

సాయంత్రం చెల్లి వాళ్ళు వచ్చారు. పిల్లాడు దసరా సెలవుల్లో పట్టుకెళ్ళిన 'వాంపైర్ హంటర్ డి' అనే జపాన్ నవలల్లో మొదటి పుస్తకం తిరిగిచ్చాడు. అప్పుడే వాడి ఫోన్ కంటపడింది. వెనక ట్రాన్స్‌పరెంట్ పౌచ్, అందులో ఆ నవలల హీరో డి, రక్తపిశాచాల్ని వేటాడే సగం మనిషి, సగం పిశాచి. జపాన్ చిత్రకారుడు అమానో సిరాతో గీసిన బొమ్మ. పుస్తకం తెరిస్తే ఆ పేజీ మొదలంటా బ్లేడుతో కోసేసి ఉంది. పైగా కెమెరా కోసం బొమ్మకి కన్నం పెట్టాడు, సరిగ్గా టోపీ అంచు దగ్గర.

వాడిని ఏమీ అనలేదు. ఇంటర్ పిల్లాడు, అందరి ముందూ అంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. చెల్లి మాత్రం "ఒక్క బొమ్మేగా అక్కా, కథంతా ఉందిగా" అంది. ఆ మాట ఇంకా చెవిలో గుయ్యిమంటోంది.

ఒక్క బొమ్మ కాదు. రచయిత కికుచి 1983లో మొదటి నవల రాసినప్పటి నుంచీ ఆ కథలకి బొమ్మలు అమానోవే. డి ఎంత అందగాడో రచయిత పదే పదే చెబుతాడు. అమానో ఆ ముఖాన్ని పూర్తిగా గీయడు. వెంట్రుకంత సన్నని గీతలు, జుట్టు ఎక్కడ ఆగిందో, అంగీ ఎక్కడ మొదలైందో తెలియదు, సగం ముఖం టోపీ నీడలో ఉండిపోతుంది. మిగతాది మనమే ఊహించుకోవాలి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను ఆ పుస్తకం ముందు ఆగిపోయింది కథ తెలిసి కాదు, బొమ్మ చూసే.

చెల్లికి ఇదేం కొత్త కాదు. నేను బైండు చేయించుకున్న చందమామల్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసింది తనే. అప్పుడూ "చదివేశావుగా" అంది. ఆ బేతాళ కథలు ఉండి ఉంటే ఇవాళ పిల్లాడికి చూపించేదాన్ని. డి ఎడమ అరచేతిలో ఒక ముఖం ఉంటుంది, అది మాట్లాడుతుంది, వెక్కిరిస్తుంది. డి చావుకి దగ్గరైతే మట్టి, నీరు, నిప్పు, గాలి మింగి మళ్ళీ లేపుతుంది. విక్రమార్కుడు మౌనంగా నడుస్తుంటే భుజం మీద బేతాళుడు మాట్లాడినట్టే. కాకపోతే బేతాళుడు ఎగిరి చెట్టెక్కేస్తాడు. ఇది ఎక్కడికీ పోలేదు.

వెళ్ళేముందు పిల్లాడు "వీడికి ఫీలింగ్సే ఉండవు కదా పెద్దమ్మా, అందుకే నచ్చాడు" అన్నాడు. బ్లేడుతో కోసినదాని కంటే ఈ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను మరి. డి కథతో 2000లో వచ్చిన 'బ్లడ్‌లస్ట్' సినిమా రెండు వీసీడీల్లో అద్దెకి తెచ్చుకుని, రూమ్‌లో ఆరుగురం ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. లైట్లు తీసేశాం, వార్డెన్‌కి వినబడకుండా సౌండ్ తగ్గించాం. షార్లెట్‌ని మాయర్ లింక్ అనే రక్తపిశాచి ఎత్తుకుపోయాడని ఆమె తండ్రి డిని పిలిపిస్తాడు. తీరా చూస్తే ఆమె ఇష్టపడే వెళ్ళింది. ఒక చోట వాన పడుతుంటే డి, లైలా అనే ఇంకో వేటగత్తె చెట్టు కింద ఉంటారు. తాను చనిపోతే ఏడ్చేవాళ్ళు ఎవరూ ఉండరంటుంది లైలా. మనిద్దరిలో ఎవరు మిగిలితే వాళ్ళు రెండోవాళ్ళ సమాధికి పూలు తేవాలని ఒప్పందం చేసుకుంటుంది. డి పెద్దగా బదులివ్వడు. చివరికి షార్లెట్ చనిపోతుంది, ఆమె శరీరంతో మాయర్ నౌక ఆకాశంలోకి లేస్తుంది. అక్కడ రెండో సీడీ ఆగిపోయింది. తుడిచాం, చొక్కాకి రుద్దాం, సబ్బునీళ్ళతో కడిగాం. ముందుకి కదల్లేదు. షాపులో చెబితే గీత మేమే పెట్టామని డిపాజిట్ కోసుకున్నాడు.

ఏళ్ళ తరబడి నాకు సినిమా అక్కడే ముగిసింది. పని అయింది, డి గుర్రమెక్కి వెళ్ళిపోయాడు, లైలాని మర్చిపోయాడు. రాయి లాంటివాడు.

పెళ్ళయ్యాక ఎప్పుడో మొత్తం చూశాను. చివర్లో ఒక అంత్యక్రియ. లైలా ముసలిదై, పిల్లలు, మనవలు అందరూ ఉండగా పోయింది. డి ముఖంలో ఒక్క ముడత లేదు, దూరంగా నిలబడి ఉన్నాడు. మనవరాలు మా ఇంట్లో ఉండమంటే వద్దంటాడు. తన కోసం ఏడ్చేవాళ్ళు ఉండరని భయపడిన స్నేహితురాలి కోసం వచ్చానని, ఆమె భయం నిజం కానందుకు సంతోషమని చెప్పి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇదంతా రాయడం మొదలుపెట్టినప్పుడు, రేపు ఫోన్ చేసి ఆ బొమ్మ వెనక్కి ఇమ్మని అడగాలనుకున్నాను. ఇప్పుడు అడగాలని లేదు. కన్నం పడిన బొమ్మ తెచ్చి అతికించినా నాకు కన్నమే కనబడుతుంది. వాడికి ఆ చివరి పది నిమిషాలు చూపించాలి, అంతే. సినిమాలో రక్తం ఎక్కువ, చెల్లి ఒప్పుకుంటుందో లేదో. ఒప్పుకోకపోతే నోటితోనైనా చెబుతాను.

చెల్లి మీద కోపం మాత్రం తగ్గలేదు. మూడో పుస్తకం కూడా కావాలన్నాడు పిల్లాడు. ఇక్కడికొచ్చి చదువుకోమన్నాను. మొత్తం సెట్టు బీరువాలో పెట్టి తాళం వేశాను.