కొండ దిగే దారి

మధ్యాహ్నం తిరుమలలో సప్తగిరి బస్సెక్కాం, నేనూ మా పాపా. పాప పట్టుబట్టి డ్రైవరు వెనక సీటే పట్టింది. ఒళ్లో లడ్డూల సంచి, కాళ్ల దగ్గర స్టీలు బాటిలు.

కొండెక్కే బండ్లకు 1974లో తెరిచిన రెండో ఘాటు రోడ్డు, దిగే బండ్లకు 1944 నాటి పాత రోడ్డు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలంటారు, దిగడానికి 40. పీలేరులో తొమ్మిదో తరగతికి గమన నియమాలు చెప్పే నాకు ఆ 40 విలువ ఆరోజే తెలిసొచ్చింది.

మొదటి పెద్ద మలుపులోనే బాటిలు అవతలి వరుస కిందికి దొర్లిపోయింది.

"నాన్నా, దాన్నెవరు తోశారు?"

ఎవరూ తోయలేదు తల్లీ. అది తిన్నగానే పోతోంది, పక్కకి తిరిగింది బస్సు. మనల్ని మాత్రం నడవ వైపు కమ్మీ భుజం పట్టి లోపలికి నెడుతోంది, అందుకే బస్సుతోపాటు తిరుగుతున్నాం. మరి బస్సును తిప్పేదో? టైర్లకూ తారుకూ మధ్య ఘర్షణే. వేగం రెట్టింపైతే అదే మలుపుకు నాలుగింతల బలం కావాలి. వానకు తడిసిన తారు అంత ఇవ్వలేదు.

ఇంకాస్త దిగాక రోడ్డు పక్కన ఒక కారు ఆగి ఉంది. బ్రేకులు కాలిన ఘాటు వాసన బస్సులోకీ వచ్చింది. మా డ్రైవరు మాత్రం చిన్న గేరు వదల్లేదు, ఇంజను మూలుగుతూనే ఉంది.

"గేరులోనే దించల్ల సామీ. ఉత్త బ్రేకును నమ్ముకుంటే కాలిపోతాది."

నేను మనసులో లెక్క కట్టాను. జనంతో కలిపి బస్సు 12 టన్నులనుకుందాం. తిరుపతికి దిగేది సుమారు 700 మీటర్లు. అంటే 8 కోట్ల జౌళ్ల శక్తికి పైమాటే. 280 లీటర్ల మామూలు నీళ్లను మరిగించే వేడి! కొండ ఇచ్చే ఆ శక్తినంతా ఇంజనూ బ్రేకులూ కొంచెం కొంచెంగా గాలికి వదలాలి. తొందరపడితే వదిలేందుకు వ్యవధి ఉండదు. అప్పుడది బస్సు వేగాన్ని పెంచుతుంది, లేదా బ్రేకుల్ని కాలుస్తుంది. ఆ 40 నిమిషాలు అందుకే.

అక్కగార్ల గుడి రాగానే డ్రైవరు ఒక చేత్తో దండం పెట్టుకున్నాడు. రెండో చెయ్యి స్టీరింగు మీదే ఉంది.

అప్పటికి పాప బాటిలు తెచ్చుకుని పాదాల మధ్య ఇరికించుకుంది. డ్రైవరు చేతులు తిరగడం చూసి, మలుపు రాకముందే లోపలివైపుకు ఒరుగుతోంది. అలిపిరి దాకా భుజం ఒక్కసారి కూడా కమ్మీకి తగల్లేదు.