గ్రే, సీవర్ట్: ఒకే కొలత కాదు

రేడియేషన్ గురించి చదివేటప్పుడు చాలాకాలం నన్ను తికమకపెట్టినవి గ్రే, సీవర్ట్ అనే రెండు ప్రమాణాలు. రెండింటినీ కిలోగ్రాముకు ఒక జౌల్ అనే నిర్వచిస్తారు కనుక, రెండు పేర్లెందుకన్న సందేహం సహజమే.

గ్రే కేవలం భౌతికమైన కొలత. కిలో పదార్థం ఎంత శక్తిని గ్రహించిందో చెబుతుంది. ఆ శక్తి చూడటానికి అత్యల్పం: శరీరమంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలితే, చికిత్స లేనప్పుడు దాదాపు సగం మంది మరణించవచ్చు, కానీ అంతే శక్తి నీటి ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే పెంచుతుంది. హాని వేడి వల్ల కాక, అయనీకరణం (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడం) డి.ఎన్.ఎ.ను దెబ్బతీయడం వల్ల కలుగుతుంది.

అయితే అన్ని రకాల రేడియేషన్ ఒకేలా హాని చేయదు. ఆల్ఫా కణాలు తమ శక్తినంతా అతి తక్కువ దూరంలోనే కుమ్మరించి ఎక్కువ హాని చేస్తాయి కాబట్టి, గ్రేలలో వాటి మోతాదును 20తో గుణిస్తారు. గామా కిరణాలకు ఆ గుణకం 1. అలా వచ్చిన, హానిని సూచించే విలువను కొలిచే ప్రమాణానికే 1979లో స్వీడన్ శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేరు పెట్టారు. పాత పుస్తకాల్లో కనిపించే పాత ప్రమాణంలో 100 రెమ్‌లు ఒక సీవర్ట్‌కు సమానం.

బెకరెల్ అనే మరో ప్రమాణం సంగతి వేరు. అది సెకనుకు ఎన్ని కేంద్రకాలు విఘటనం చెందుతున్నాయో మాత్రమే చెబుతుంది, అందుకే వార్తల్లో దాని అంకెలు అంత భారీగా కనిపిస్తాయి.