ఇల్లు నచ్చింది సరే, ఆ గల్లీని రాత్రి పదింటికి చూశారా?

"ఏరియా సేఫేనా అండీ?" అని ఓనర్ని అడిగితే ఏం చెబుతాడు? "ఫుల్ సేఫ్, అంతా ఫ్యామిలీసే" అంటాడు. బ్రోకరూ అదే మాట, అతని కమీషన్ అతనికి రావాలి కదా. హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు మారీ మారీ చెబుతున్నా, ఆ ప్రశ్నే దండగ. ఆ వీధిలోనే రోజంతా ఉంటూ, మనం దిగినా దిగకపోయినా పైసా లాభం లేనివాళ్లని అడగాలి. అదీ సేఫేనా అని కాదు. వానొస్తే ఎట్లా, ఎండాకాలం నీళ్లెట్లా, రాత్రి ఎట్లా అని.

నా ఓటు ఇస్త్రీ బండి వాళ్లకే. ఒక కాలనీలో డబుల్ బెడ్రూమ్ బ్రహ్మాండంగా ఉంది, గాలీ వెలుతురూ బాగున్నాయి, అద్దె కూడా చుట్టుపక్కల కంటే తక్కువ. కింద ఇస్త్రీ చేస్తున్నామెను "అక్కా, ఇక్కడ వానొస్తే ఎట్లుంటది?" అని అడిగా. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "గా గుమ్మాలు చూడు అన్నా" అంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లన్నిటికీ గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు సిమెంటు గట్టు. నీళ్లు లోపలికి రాకుండా ఎవరి డబ్బులతో వాళ్లు కట్టుకున్నవి. ముసలివాళ్లు బయటికి రావాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దాటించాలి. సెల్లార్‌లో నీళ్ల మోటారు కూడా నేల మీద లేదు, నడుమెత్తు దిమ్మ మీద కూర్చోబెట్టారు. ఇక అద్దె బేరమాడే పనే లేకపోయింది.

హైదరాబాద్‌లో ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2020 అక్టోబర్ వానలకి టోలిచౌకి నదీం కాలనీలో పడవలేసుకుని జనాన్ని బయటికి తెచ్చారు, పక్కనే షా హాతిం తలాబ్ ఉంది మరి. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలదీ అదే కథ. ఆ ఏడాది వరద బాధితులకు ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చింది కాబట్టి "మీ గల్లీలో ఎవరికైనా పదివేలు వచ్చాయా?" అని అడగడం కూడా ఒక పద్ధతి. కాకపోతే మునగని వాళ్లకి వచ్చి మునిగిన వాళ్లకి రాలేదని అప్పట్లో పెద్ద గొడవే అయింది, కాబట్టి పూర్తిగా నమ్మలేం. గుమ్మాల ముందు గట్టు మాత్రం అబద్ధం చెప్పదు.

చెరువు దగ్గర్లో ఉంటే హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్లో ఎఫ్‌టీఎల్ మ్యాపులుంటాయి, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించేవి, చూసుకోండి. 2024లో చెరువుల్లో అక్రమ కట్టడాలు కూల్చే హైడ్రా వచ్చాక కొనేవాళ్లు వీటిని తెగ వెతుకుతున్నారు, అద్దెకు దిగేవాళ్లు మాత్రం మనకెందుకులే అంటున్నారు. ఎందుకేంటి, నీళ్లొస్తే ముందు తడిసేది మన మంచాలే.

నీళ్ల సంగతికి ఒక్కటే ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ ఎంతొచ్చింది? చలికాలంలో ఇల్లు చూసేవాళ్లకి బోరు నిండుగానే కనిపిస్తుంది. ఎండలు ముదిరాక బోరు చేతులెత్తేస్తే, మంజీరా నీళ్లు, అంటే నల్లా నీళ్లు, రోజు విడిచి రోజు వస్తే, మధ్యలో ట్యాంకర్లే దిక్కు, ఆ ఖర్చంతా ఫ్లాట్లకి పంచుతారు. నెలకు 20,000 లీటర్లు ఉచితమన్న జలమండలి పథకం కాగితం మీద బాగానే ఉంది, పైపులో నీళ్లొచ్చినప్పుడు కదా ఆ లెక్క.

ఇక రాత్రి. ఇల్లు చూడ్డానికి అందరం ఆదివారం పొద్దున వెళ్తాం, అప్పుడు ఏ గల్లీ అయినా బాగానే ఉంటుంది. రాత్రి పదింటికి మెట్రో స్టేషన్ దగ్గరో, బస్టాప్ దగ్గరో దిగి ఇంటిదాకా నడవండి. ఇంట్లో ఆడపిల్లలు ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లయితే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే మగవాడికి మామూలుగా కనిపించే సందు వాళ్లకి అలా కనిపించదు. దారిలో వైన్ షాపు, అక్కడే కూర్చుని తాగే దాని పర్మిట్ రూము ఉంటే ఆ టైముకి జనం ఎక్కడ నిలబడుతున్నారో చూడండి. లైట్లు వెలుగుతున్నాయా, కుక్కలు బండి వెంట పడుతున్నాయా, ఫంక్షన్ హాల్ బ్యాండు పడగ్గదిలోకి వస్తోందా. వాసన కూడా రాత్రే తెలుస్తుంది. జీడిమెట్ల, బొల్లారం వైపు కెమికల్ ఘాటు, దమ్మాయిగూడ వైపు గాలి తిరిగితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చెత్త కంపు, అక్కడుండే వాళ్లనడగండి, కథలు కథలుగా చెబుతారు.

ఒక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. "మంచి ఏరియా" అని మనవాళ్లు అనేటప్పుడు చాలాసార్లు దాని అర్థం మన కులమో మన మతమో ఎక్కువున్న ఏరియా అని. పాతబస్తీ పేరెత్తితేనే జంకేవాళ్లు చార్మినార్ చుట్టుపక్కల అర్ధరాత్రి కూడా చాయ్ దుకాణాల ముందు ఎంత సందడి ఉంటుందో చూడరు, గచ్చిబౌలి పక్కన ఎనిమిదింటికే మనిషి కనిపించని లేఅవుట్ రోడ్డుని మాత్రం "పీస్‌ఫుల్" అంటారు. నాకైతే దుకాణాలు తెరిచి ఉన్న గల్లీలోనే ధైర్యం.

ఇదంతా చూసేలోపే ఓనర్ ఫోన్ చేసి, ఇవాళే టోకెన్ అడ్వాన్స్ వేసెయ్యండి, సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు అంటాడు. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డున్న ప్రతి ఇంటికీ ఆ పార్టీ సాయంత్రమే వస్తుంటుంది. రానివ్వండి.