శంషాబాద్ నుంచి గన్నవరం

శ్రావణ మాసం కదా, పిన్ని వాళ్ళ గృహప్రవేశం రేపు తెల్లవారుజామున పెట్టుకున్నారు. అక్కా బావా కారులో బయల్దేరుతూ నన్నూ రమ్మన్నారు. నడుం నొప్పితో ఐదు గంటలు కూర్చోలేనని ఫ్లైట్ టికెట్టు తీసుకున్నాను. "గంటలో దిగిపోతా" అంటే బావ నవ్వాడు. "ఇంటి దగ్గర్నుంచి లెక్కపెట్టుకోమ్మా" అన్నాడు.

సరే, లెక్కపెట్టాను. మియాపూర్‌లో ఆరింటికి వాళ్ళ కారు, నా క్యాబ్ ఒకేసారి కదిలాయి. వాళ్ళు విజయవాడ దారి పట్టారు, నేనేమో దానికి సంబంధం లేని శంషాబాద్ వైపు. 2008 దాకా విమానాశ్రయం బేగంపేటలోనే ఉండేది, మా ఇంటికి అరగంట దూరం. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంత తొక్కినా గంట దాటుతుంది. ఆ తర్వాత సెక్యూరిటీ, బెల్టు, ట్రేలు, మళ్ళీ బెల్టు. బోర్డింగ్ పిలుపు కోసం ఎదురుచూస్తూ తాగిన కాఫీ ధర ఇక్కడ రాయను.

రెండు రన్‌వేల మధ్య తిన్నని గీత గీస్తే దూరం సుమారు 265 కిలోమీటర్లు. రోడ్డు మీద హైదరాబాద్ నుంచి బెజవాడకి 275 అంటారు, అంటే దూరంలో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. మాది రెక్కలకి ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్. పైకెళ్ళాక గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన అరగంట చాలు. టికెట్టు మీద మాత్రం 8.40 నుంచి 9.45 అని ఉంది. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడికెళ్ళి ఆగేదాకా వేసే సమయం అది. రన్‌వే దాకా పాకడం, వరసలో మన వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే.

ఇంకో తమాషా ఉంది. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. ఈ రోజుల్లో వీచేది పడమటి గాలి. అందుకని మేం వెళ్ళాల్సింది తూర్పుకైతే, లేచింది వికారాబాద్ వైపు ముఖం పెట్టి. లేచాక గుండ్రంగా తిరిగింది. గన్నవరంలోనూ అంతే, ఊరు దాటి ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి పడమటి ముఖంగానే దిగింది. 8.52కి నేల వదిలిన చక్రాలు 9.33కి మళ్ళీ తాకాయి. నలభై నిమిషాల్లో కొంత ఈ తిరుగుళ్ళకే పోయింది.

మధ్యలో మబ్బులు విడిపోయిన చోట కృష్ణ కనిపించింది, ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ. మిర్యాలగూడ దాటాక కాబట్టి పులిచింతల నీళ్ళే అయ్యుంటాయి. ఏటీఆర్ మరీ ఎత్తుకి పోదు, అందుకే పొలాల గట్లు కూడా తెలుస్తాయి. అది చూడ్డానికైనా కిటికీ సీటుకి డబ్బు కట్టొచ్చనిపించింది.

బ్యాగు వచ్చేసరికి పదయింది. గన్నవరం నుంచి పటమటకి మళ్ళీ క్యాబ్, రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్. పిన్ని గుమ్మంలో అడుగుపెట్టేసరికి 10.50. బావ వాళ్ళు సూర్యాపేటలో తీరిగ్గా ఇడ్లీలు తిని కూడా 11.40కి వచ్చేశారు. దిగుతూనే "ఎంతసేపయింది వచ్చి?" అని ఆయన మొదటి ప్రశ్న.

నడుం మాత్రం బాగానే ఉంది. అయినా వెళ్ళేటప్పుడు కారులోనే వెళ్తాను. పిన్ని నా కోసం రెండు జాడీల ఆవకాయ కట్టి ఉంచింది, దాన్ని సెక్యూరిటీ ట్రేలో పెట్టి వాదించే ఓపిక నాకు లేదు.