కాంగోలో నేలకొరిగిన కెప్టెన్ సలారియా

డిసెంబర్ 5 వచ్చిందంటే నాకు కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా గుర్తుకొస్తారు. 1961లో అదే రోజున, ఆఫ్రికాలోని కాంగో దేశంలో, ఎలిజబెత్‌విల్ అనే పట్టణం దగ్గర (నేటి లుబుంబాషి అదే) ఆయన పోరాడుతూ ప్రాణం విడిచారు. అప్పటికి 26 ఏళ్లు నిండి ఇంకా వారం తిరగలేదు.

బెల్జియం పాలన నుంచి 1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వస్తే, రాగి గనులతో తులతూగే కటాంగా రాష్ట్రం పదకొండు రోజులకే మొయిజ్ చోంబే నాయకత్వంలో విడిపోతున్నానని ప్రకటించింది. కిరాయి సైనికులు దానికి అండగా నిలిచారు. ఐక్యరాజ్య సమితి అభ్యర్థన మేరకు 1961లో మన దేశం అక్కడికి ఒక బ్రిగేడ్‌ను పంపింది. ఒకటో గూర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్ అధికారిగా సలారియా అందులో ఉన్నారు.

ఆ రోజు కటాంగా బలగాలు విమానాశ్రయానికీ సమితి దళాల కేంద్రానికీ మధ్య దారిని దిగ్బంధించాయి. ఆ దిగ్బంధంపై మనవాళ్ల ప్రధాన దాడి ఒకవైపు నుంచి సాగుతుంటే, విమానాశ్రయం వైపు నుంచి వచ్చి శత్రువు వెనుదిరిగే దారి మూయడం సలారియాకు అప్పగించిన పని. ఆయన వెంట ఉన్నది పదహారు మంది. గమ్యం ఇంకా దూరంగా ఉండగానే కుడివైపు కందకాల్లో పొంచి ఉన్న సుమారు 90 మంది, రెండు సాయుధ వాహనాలతో కాల్పులు మొదలుపెట్టారు. బలగం చాలదని ఆయన ఆగిపోయి ఉంటే తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. కానీ ఆ గుంపు వెళ్లి దారిని దిగ్బంధించినవారితో కలిస్తే అవతల తన బెటాలియన్ చిక్కుల్లో పడుతుంది. రాకెట్ లాంచర్‌తో ఆ వాహనాలను ధ్వంసం చేయించి, శత్రువు తేరుకునేలోపే బాయ్‌నెట్లు, ఖుక్రీలు (గూర్ఖాల వంపు కత్తులు), గ్రెనేడ్లతో తన మనుషులను వెంటబెట్టుకుని మీదికి దూకారు. నలభై మంది చనిపోగా మిగిలినవారు పారిపోయారు. మెడలో తూటాలు దిగినా, నెత్తురు ధారకట్టి ఒళ్లు తూలిపోయేదాకా సలారియా పోరాటం ఆపలేదు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తెగువ ఒక్కటే కాదు. ఆయన పుట్టిన పంజాబు పల్లె దేశ విభజనతో పాకిస్తాన్‌లో కలిసిపోయింది. పన్నెండేళ్లు నిండకముందే తన నేల రెండు ముక్కలు కావడం చూసిన పిల్లవాడు, పెద్దయ్యాక తనకేమీ కాని మరో దేశం ముక్కలు కాకుండా ఆపే పనిలో ప్రాణమిచ్చాడు. దీన్ని యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం నావల్ల కాదు.

ఐక్యరాజ్య సమితి శాంతిదళంలో పనిచేస్తూ పరమ వీర చక్ర పొందినది ఇప్పటికీ ఆయన ఒక్కరే. కటాంగా వేర్పాటు 1963 జనవరిలో ముగిసింది. కార్గిల్ వీరుల పేర్లు గడగడా చెప్పే మన పిల్లలకు కాంగోలో మనవాళ్లు ఎందుకు పోరాడారో కూడా ఎవరైనా చెప్పాలి. ఢిల్లీ వెళ్లినప్పుడు జాతీయ యుద్ధ స్మారకంలోని పరమ యోధ స్థలంలో ఉన్న ఆయన విగ్రహం దగ్గర వారిని కాసేపు నిలబెట్టి, ఈ కథంతా చెప్పండి.