అవ్వ తెలుగు

దసరా సెలవులకి ఊటీ వెళ్ళొచ్చాం. మా ఆయనతో ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేసిన స్నేహితుడు ఇప్పుడు కుటుంబంతో అక్కడే ఉంటున్నాడు. పిల్లల్ని తీసుకుని రమ్మని మూడేళ్ళుగా పిలుస్తూనే ఉన్నాడు. హోటల్ మాటెత్తకూడదని, వాళ్ళింట్లోనే దిగాలని షరతు కూడా పెట్టాడు.

మాది తెనాలి. బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. పాపకి పదకొండు, బాబుకి ఆరు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. అపార్ట్‌మెంట్ కింద ఆటలు కన్నడలో, స్కూలు ఇంగ్లీషులో, ఇంట్లో తెలుగు. అలా అని అందరికీ చెప్తుంటాను గానీ, ఏడాదిగా పాప నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తోంది. ఎందుకో నాకు తెలుసు. "అమ్మా, నాకు ఆకలి అవుతోంది" అంటుంది. కన్నడలో అలాగే అంటారు మరి. నేను వెంటనే "ఆకలేస్తోంది అనాలి" అని దిద్దుతాను. "చలి అవుతోంది" అన్నా అంతే. నోరు తెరిచిన ప్రతిసారీ అడ్డం పడితే పిల్ల ఏం మాట్లాడుతుంది? "ఐ యామ్ హంగ్రీ" అంటే దిద్దేవాళ్ళు ఉండరు.

ఊటీ దాదాపు 270 కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి, మైసూరు దాటాక టిఫిన్ చేశాం. గుండ్లుపేట వెళ్ళాక బందీపూర్ అడవి మొదలవుతుంది. ఆ రోడ్డుని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. చీకట్లో వాహనాల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయని 2009 నుంచి ఈ నియమం పెట్టారు. అది విన్నాక బాబు దారంతా ఏనుగుల కోసం కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. జింకలు కనిపించాయి. ఏనుగు పేడ కనిపించింది, వాడికి అదే పండగ.

సరిహద్దు చెక్‌పోస్టులో ఈ-పాస్ చూశారు, ప్లాస్టిక్ సీసాలేమైనా ఉన్నాయా అని అడిగారు. మావన్నీ స్టీలు బాటిళ్ళే. అక్కడి నుంచి బోర్డులు తమిళంలోకి మారిపోయాయి. అప్పటిదాకా ప్రతి బోర్డూ పైకి చదువుతున్న పాప ఒక్కసారిగా ఆగిపోయి, "ఇప్పుడు నాకు చదువు రాదు" అంది. అలవాటు కొద్దీ దిద్దబోయి, గొంతు విని ఊరుకున్నాను. గూడలూరు దాటాక మలుపుల్లో బాబుకి వాంతులు మొదలయ్యాయి. నిమ్మకాయ వాసన చూపిస్తూ, నడువట్టంలో కాసేపు ఆపి, మొత్తానికి మధ్యాహ్నానికి చేరాం.

తలుపు తీసింది స్నేహితుడి తల్లి. డెబ్బై ఎనిమిదేళ్ళు. స్వెట్టర్ మీద శాలువా, తలకి మఫ్లర్. పాప అలవాటుగా, కన్నడలో అమ్మమ్మని పిలిచినట్టు "నమస్తే అజ్జీ" అంది.

"అజ్జి యాడికో పోయె. నేను అవ్వని. సలి పెడతా ఉందా? రా, పొయ్యి కాడ కూసో."

పాప నా వైపు చూసింది. తెలుగే, కానీ మా ఇంట్లో వినే తెలుగు కాదు.

వాళ్ళది కోయంబత్తూరు పక్కన పల్లె. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలో తమిళదేశం వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వందల ఏళ్ళుగా బడి తమిళంలో, బజారు తమిళంలో. తెలుగు ఇంట్లో మాత్రమే. అవ్వకి తెలుగులో ఒక్క అక్షరం రాదు.

"ఏ ఊరు బిడ్డవి?" అని అడిగింది పాపని.

"బెంగళూరు."

"అది ఉండే ఊరు. మీ ఊరేది?"

పాప కాసేపు ఆలోచించి, "అమ్మ వాళ్ళది తెనాలి. నాది రెండూ" అంది. అవ్వ సరేనన్నట్టు తలూపింది. కొంచెం సేపటికి "అవ్వా, నాకు ఆకలి అవుతోంది" అంది పాప. నా పెదవుల దాకా వచ్చింది మాట. అవ్వ ఈలోపే లేచి, "అయితే రా, తిందువు" అంటూ కంచం పెట్టేసింది. ఉలవల రసం, వేడి అన్నం, బీన్స్ పొరియల్. నేను నోరు మూసుకుని నీళ్ళు పోశాను.

మర్నాడు తోడాలనే అక్కడి గిరిజనుల గేదెలు మేస్తుంటే చూడ్డానికి తీసుకెళ్ళారు. నెలవంకలా వంగిన పొడుగాటి కొమ్ములు. "ఎనుము దగ్గరికి పోవద్దు" అంది అవ్వ.

"ఎనుమా? కన్నడలో ఎమ్మె!" అని అరిచింది పాప.

"అరవంలో ఎరుమై."

మా వైపు గేదె, బర్రె అంటాం. రాయలసీమ వాళ్ళు ఇప్పటికీ ఎనుమనే అంటారు. ఎనుము, ఎమ్మె, ఎరుమై. పాప మూడూ కలిపి పాటలా పాడుకుంటూ ఇంటిదాకా నడిచింది. కన్నడ వచ్చి తెలుగుని పాడుచేస్తోందని ఇన్నేళ్ళూ బెంగ పెట్టుకున్నాను. ఆ కన్నడ మాట ఆసరాతోనే నా కూతురు నేను వాడని తెలుగు మాటని గుర్తుపట్టింది.

బాబుకి ఊటీ అంటే రైలే. 1908లో ఊటీ దాకా వచ్చిందని చెప్తే, "అవ్వ కన్నా పెద్దదా?" అని ఆశ్చర్యపోయాడు. కూనూరు దాకా వెళ్ళొచ్చాం. దొడ్డబెట్ట శిఖరం మీద మంచులో ఏమీ కనిపించలేదు.

ఆఖరి రాత్రి అవ్వ సరుకుల చీటీ రాస్తోంది. గోధుమలు, బెల్లం, కందిపప్పు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. తమిళంలో కకీ గకీ ఒకటే అక్షరమని స్నేహితుడు చెప్తే పాపకి నిద్ర ఎగిరిపోయింది. "మరి గోధుమలు అని ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా, రాసింది నేనే."

పాప కాగితం తీసుకుని అదే చీటీ తెలుగులో రాసిచ్చింది. స్కూల్లో కన్నడ నేర్చిన చెయ్యి. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేవాలి, దాని చేతిలో కన్నడలోలా అడ్డంగా పడుకుంది. 'బెళ్ళం' అని రాసింది. అవ్వ చదవలేని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోడ మీద క్యాలెండర్ వెనక దోపింది.

తిరుగు ప్రయాణంలో కారెక్కగానే పాప మొదలుపెట్టింది. అవ్వ ఏమంది, ఎనుము ఎలా చూసింది, రైల్లో తమ్ముడు ఏం చేశాడు. సగం కన్నడ, మధ్యమధ్యలో ఇంగ్లీషు, మిగతాదంతా తెలుగు. పైకారా దగ్గర కిటికీలోంచి గాలి కొట్టింది.

"అమ్మా, చలి అవుతోంది."

అద్దం పైకెత్తి, "ఊఁ, తర్వాత?" అన్నాను.