కరెంటు తీసేసి చూడండి, మీ ఇల్లు మీకెంత తెలుసో

విపత్తులకి రెడీగా ఉండటం అంటే మనలో చాలామందికి ఓ బ్యాగు కొని, అందులో టార్చిలైటు, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పడేసి అటక మీదకి తోసేయడమే. బ్యాగు మంచిదే. కానీ చీకట్లో ఆ అటక ఎవరు ఎక్కాలి, స్టూలు ఎక్కడుంది అని అడగండి, ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే నా గోల అంతా కొనడం గురించి కాదు, ఇంట్లోనే కూర్చుని చేతులకి అలవాటు చేసే పనుల గురించి.

2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి అందరి కళ్లూ కృష్ణ మీద ఉంటే, ఇటు బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. డ్రోన్లతో భోజనం పొట్లాలు జారవిడిచిన రోజులవి. అక్కడున్న మా బంధువులు ఇప్పటికీ చెప్పేది నడుంలోతు నీళ్ల గురించి కాదు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి పైన ట్యాంకులో చుక్క లేదు, చుట్టూ నీళ్లే కానీ తాగడానికి లేవు, ఫోన్లు చార్జింగ్ అయిపోయాయి, ఎవరిదో ఫోన్ దొరికినా హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు నోటికి రాదు. ఈ చివరిది నన్ను బాగా పట్టుకుంది.

కాబట్టి మొదటి పని అదే. అందరూ ఫోన్లు పక్కన పెట్టి, తలా ఒక కాగితం తీసుకుని గుర్తున్న నంబర్లు రాయాలి. మా ఇంట్లో మా అత్తయ్య ఒక్కరే పాత ల్యాండ్‌లైన్ నంబర్లతో సహా గడగడా రాశారు, పిల్లలకి సొంత అమ్మ నంబరు కూడా రాలేదు. ఇప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతున్నారు. 112, 108, 101 ఎలాగూ తెలుసు, గ్యాస్ లీకుకి 1906 ఉందని మాత్రం చాలామందికి తెలియదు, అది కూడా తలుపు వెనకాల రాసి అంటించండి.

రెండోది రాత్రి భోజనాలయ్యాక మెయిన్ ఆపేయడం. పిల్లలకి ఇది ఆట, పెద్దవాళ్లకి చిరాకు, కానీ చేయండి. ఇక్కడే ఓ విషయం బయటపడుతుంది: మెయిన్ ఆపినా హాల్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఇన్వర్టర్ ఉంది కదా. అంటే ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు మెయిన్ ఆపేశాం, ఇంకేం భయం లేదు అనుకుంటే పొరపాటే, ఇన్వర్టర్ కూడా ఆపాలి, అదీ నీళ్లు దాని దాకా రాకముందే, తడి కాళ్లతో కాకుండా. ఆ బ్యాటరీని నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టించుకుంటే ఇంకా మంచిది. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ సెల్లార్లోనే ఉంటాయి, మునిగేది ముందు సెల్లారే, కాబట్టి ఆఖర్న కిందకి దిగి ఆపుదాంలే అనే ప్లాన్ పనికిరాదు. ఫ్లాట్ లోపలి బోర్డులో ఏ ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్చు) దేనికో తెల్ల టేపు మీద మార్కర్‌తో రాసి అంటించండి: హాలు, గీజరు, ఏసీ. ఓ అరగంట పని.

గ్యాస్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది, ఈ తేడా పిల్లలకి బాగా ఎక్కించాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకూడదు, వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు కూడా, ఎందుకంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది, అందుకే కిటికీ ఒక్కటే కాదు, తలుపులు కూడా బార్లా తీయాలి. ఖాళీ బండ మార్చే రోజున ఇంట్లో వయసొచ్చిన అందరిచేతా రెగ్యులేటర్ ఆపించి, తీయించి, మూత పెట్టించండి. మా నాన్నగారు డెబ్బై దాటాక మొదటిసారి దాన్ని పట్టుకున్నారు, ఇన్నేళ్లూ అమ్మే చూసుకునేది. నాబ్ బిగుసుకుపోయి ఆయన వేళ్లకి తిరగలేదు, అది అప్పుడు తెలియడమే నయం, మర్నాడే మార్పించాం. ట్యూబు మీద తేదీ కూడా చూడండి, అయిదేళ్లు దాటితే మార్చేయాలి.

నీళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మనిషికి రోజుకి మూడు, నాలుగు లీటర్లు అనుకుంటే నలుగురికి మూడు రోజులకి రెండు క్యాన్లు, పొదుపుగా. తుపాను హెచ్చరిక వినగానే అవి నింపి పెట్టుకోవడమే. పిల్లలచేత ఓఆర్ఎస్ కలిపించండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు సమానమైన టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. అంచనా మీద ఉప్పు ఎక్కువ పడితే లేని ప్రమాదం వస్తుంది, అందుకే స్పూను పైన గీసి చదును చేయడం నేర్పండి. మన ఎండాకాలానికి ఇది వరదలకన్నా ఎక్కువ పనికొస్తుంది.

భూకంపం అంటే నవ్వుతారు, కానీ 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన దాని ప్రకంపనలు బెజవాడ దాకా తగిలాయి, జనం మెట్ల మీద పరుగులు పెట్టారు. ఊగేటప్పుడు మెట్లే డేంజర్. డైనింగ్ టేబుల్ కింద దూరి, దాని కాలు పట్టుకోవడం, టేబుల్ లేకపోతే బీరువాకి, అద్దాలకి దూరంగా లోపలి గోడ పక్కన కూర్చుని తల కాచుకోవడం, ఇంతే. చిన్నవాడు ఒకటి అనగానే దూరతాడు, నాకు మోకాళ్లు ఒప్పుకోవు.

ఇక ఆ బ్యాగు. మాది ఇప్పుడు అటక మీద కాదు, తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. ఆధార్, పాలసీ కాగితాల కాపీలు ప్లాస్టిక్ కవర్లో, నాన్నగారి బీపీ మాత్రలు, ప్రిస్క్రిప్షన్ ఫొటో, పవర్ బ్యాంకు, విజిల్. తిండికి అటుకులు, పుట్నాలపప్పు, బెల్లం, పొయ్యి అక్కర్లేనివి. పాతబడకుండా అప్పుడప్పుడు మార్చాలి. మార్చే బాధ్యత అత్తయ్యది, కానీ పుట్నాలపప్పు మాత్రం మార్చేలోపే అయిపోతోంది, ఎవరు తింటున్నారో ఎవరూ ఒప్పుకోరు.